పచ్చిక కోత యంత్రంలో ఇంధనం కారడం

పచ్చిక కోత యంత్రంలో ఇంధనం కారడం అనేది పెట్రోలుతో నడిచే గడ్డి కోత యంత్రాలలో (లాన్ మోవర్లలో) తరచుగా ఏర్పడే లోపం. ట్యాంకు నుండి సిలిండరు వరకు పెట్రోలు ప్రయాణించే మార్గంలో ఏదో ఒకచోట అది నేలపైకి గాని, చేరకూడని లోపలి భాగాలలోకి గాని కారిపోతుంది. చేతులు మారిన పాత యంత్రాలలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి యంత్రం అరిగిపోవడం కంటె, వాడకం లేక నెలల తరబడి ట్యాంకులో పెట్రోలుతో పడి ఉండడమే ముఖ్య కారణం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో గడ్డి కోత పని సంవత్సరమంతా ఉండదు కనుక అక్కడి యంత్రాలకు ఈ బెడద మరింత ఎక్కువ. చాలా సందర్భాలలో రెండు మూడు చిన్న రబ్బరు భాగాలు మార్చడంతో లోపం సరి అవుతుంది. అయితే పెట్రోలు అతి సులభంగా అంటుకునే ద్రవం కాబట్టి, కారుతున్న యంత్రాన్ని అలాగే వాడడం గాని, తెలియక బాగుచేయబోవడం గాని ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

== యంత్రం పూర్వాపరాలు ==

పచ్చికను కోసే యంత్రాన్ని 1830లో ఇంగ్లాండుకు చెందిన ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ రూపొందించాడు. ఉన్ని వస్త్రాలపై లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రమే అతనికి స్ఫూర్తి. దానిని మనుషులు తోసేవారు. పెట్రోలు ఇంజను అమర్చిన యంత్రాలను 1902లో ఇంగ్లాండులోని రాన్సమ్స్ సంస్థ మార్కెట్టులోకి తెచ్చింది. ఈనాడు ఎక్కువగా కనిపించేది నేలకు సమాంతరంగా గిర్రున తిరిగే బ్లేడు గల రోటరీ రకం. ఇందులో ఇంజను బ్లేడుకు సరిగ్గా పైన ఉంటుంది. భారతదేశంలో అమ్ముడైన పెట్రోలు మోవర్లలో హోండా జి.ఎక్స్.వి. 160 ఇంజను (163 ఘన సెంటీమీటర్లు) గలవి బాగా తెలిసినవి. అమెరికాకు చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్లతో దిగుమతి అయిన యంత్రాలు కూడా ఉన్నాయి. పేర్లు వేరైనా వీటి ఇంధన వ్యవస్థ దాదాపు ఒకటే.

== చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ==

2022 ఏప్రిల్ 4న పూర్వపు చిత్తూరు జిల్లా విభజన జరిగి తిరుపతి వేరే జిల్లా కేంద్రమైంది. ఈ ప్రాంతంలో విశాలమైన పచ్చిక బయళ్ళు విద్యాసంస్థల ఆవరణలలోనూ, అతిథిగృహాలలోనూ, చంద్రగిరి కోటలోని రాజమహల్ వంటి చారిత్రక కట్టడాల చుట్టూ కనిపిస్తాయి. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి పెద్ద ఆవరణలు తిరుపతిలో అనేకం ఉన్నాయి. ఇటువంటి పెద్ద ఆవరణలలో వాడి పక్కన పెట్టిన యంత్రాలు చేతులు మారి చిన్న పాఠశాలలకు, కల్యాణ మండపాలకు, ఇళ్ళకు చేరుతుంటాయి. తోతాపురి మామిడికి పేరు పొందిన బంగారుపాళ్యం, దామలచెరువు పరిసరాల తోటలలో మాత్రం చక్రాల మోవరు కంటె భుజానికి తగిలించుకొనే బ్రష్ కట్టరుదే వాడుక. దాని సంగతి వేరుగా క్రింద ఇవ్వబడింది.

ఈ జిల్లాలలో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటివల్లా వర్షాలు పడతాయి. అందువలన గడ్డి ఆషాఢం నుండి మార్గశిరం వరకు ఏపుగా పెరుగుతుంది. సంక్రాంతి దాటిన తరువాత గరిక ఎండిపోవడం మొదలై, వేసవి ముగిసేవరకు యంత్రానికి పని ఉండదు. అంటే అయిదారు నెలలు అది ఏ సైకిల్ షెడ్డులోనో, మెట్ల క్రిందనో ఉండిపోతుంది. ఆ మధ్యకాలంలోనే ఎండలు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతాయి. తొలకరికి బయటికి తీసి తాడు లాగేసరికి యంత్రం క్రింద తడి కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగున్నది ఒక్కరోజులో చెడినట్లు తోచినా, నిజానికి అది చెడినది వేసవిలోనే.

== ఇంధనం నడిచే దారి ==

సాధారణ మోవరులో పంపు ఉండదు. ట్యాంకు ఎత్తులో, కార్బురేటరు దిగువన ఉంటాయి. పెట్రోలు తన బరువుతో తానే క్రిందికి దిగుతుంది. ట్యాంకు మూత, ట్యాంకు, జల్లెడ, కుళాయి (మెకానిక్కులు దీనిని పెట్రోలు కాక్ అంటారు), రబ్బరు గొట్టం, కార్బురేటరు అనేవి ఈ దారిలో వరుసగా వచ్చే భాగాలు. కొన్ని చిన్న యంత్రాలకు కుళాయి ఉండదు.

కార్బురేటరు అడుగున ఒక చిన్న గిన్నె (బౌల్) ఉంటుంది. అందులో ఇత్తడితో గాని ప్లాస్టిక్కుతో గాని చేసిన ఫ్లోట్ పెట్రోలుపై తేలుతూ ఉంటుంది. గిన్నె నిండేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, దానికి తగిలించిన సూది వంటి నీడిల్ వాల్వును రంధ్రంలోకి నెట్టి పెట్రోలు రాకను ఆపుతుంది. ఇంజను పెట్రోలును వాడుకోగానే ఫ్లోట్ కొంచెం దిగి దారి తెరుస్తుంది. ఇళ్ళపై నీళ్ళ తొట్టెలలో బంతి కుళాయి పనిచేసే పద్ధతి కూడా ఇదే. ఆర్కిమెడిస్ సూత్రం, తులాదండం కలిసి పనిచేసే చక్కని ఉదాహరణగా విద్యార్థులు దీనిని గమనించవచ్చు.

ఈ అమరిక ఎంత సున్నితమైనదో ఒక చిన్న లెక్క తెలుపుతుంది. ట్యాంకులోని పెట్రోలు మట్టం కార్బురేటరు కంటె 20 సెంటీమీటర్లు ఎత్తున ఉన్నదనుకుంటే, నీడిల్ వద్ద పీడనం సుమారు 1,450 పాస్కల్‌లు. నీడిల్ కూర్చునే రంధ్రం వ్యాసం 2 మిల్లీమీటర్లు అయితే, పెట్రోలు దానిని తోసే బలం అర గ్రాము బరువుకు కూడా మించదు. కనుక తేలికపాటి ఫ్లోట్ కూడా దానిని సులభంగా ఆపగలుగుతుంది. కాని అదే కారణంగా, నీడిల్‌కు దాని పీఠానికి మధ్య ఇసుకరేణువంత మలినం చిక్కుకున్నా దానిని నలిపి మూసివేసేంత బలం ఫ్లోట్‌కు ఉండదు. గిన్నె నిండిపోయి పెట్రోలు పొంగి పొర్లుతుంది.

== కారణాలు ==

పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్‌ల మిశ్రమం. నిలువ ఉన్నప్పుడు తేలిక భాగాలు ఆవిరై, మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. గిన్నెలో ఉండే పెట్రోలు కొద్దిపాటిదే కనుక అది త్వరగా ఎండి, గోధుమరంగు పూతగా ఫ్లోట్‌కు, నీడిల్‌కు అంటుకుంటుంది. నీడిల్ తెరచిన స్థితిలో అంటుకుపోతే కారుతుంది. మూసిన స్థితిలో అంటుకుపోతే ఇంజను అసలు నడవదు. ఈ రెండవదే మేలని చెప్పాలి, దానివల్ల నిప్పు పుట్టదు.

రెండవ కారణం పెట్రోలులో కలిపే ఇథనాల్. భారతదేశంలో 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో 5 శాతంతో మొదలైన ఈ మిశ్రమం 2022 నాటికి దేశవ్యాప్తంగా 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరుకున్నది. ఇథనాల్‌లో కొంత భాగం చెరకు నుండి తయారవుతుంది. చెరకు చిత్తూరు ప్రాంతపు పాత పంట. చిత్తూరులోనూ, రేణిగుంట సమీపాన గాజులమండ్యంలోనూ ఒకప్పుడు సహకార చక్కెర కర్మాగారాలు నడిచాయి. 20 శాతం మిశ్రమానికి తగిన రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలతో తయారైన ఇంజన్లకు దీనితో ఇబ్బంది లేదు. కాని పాత చిన్న ఇంజన్ల సూచన పుస్తకాలు చాలావరకు 10 శాతానికి మించిన ఇథనాల్ వాడరాదని చెబుతాయి. ఇథనాల్ కొన్నిరకాల రబ్బరును ఉబ్బిస్తుంది. పెట్రోలు ఆరిపోగానే అది కుంచించుకుపోయి పగుళ్ళు వేస్తుంది. అంతేకాక అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి వేరు పొరగా విడిపోయి గిన్నె అడుగుకు దిగుతాయి. అల్యూమినియం మరియు జింకు మిశ్రమలోహపు గిన్నెలలో కనిపించే తెల్లని పొడి ఈ పొర వల్ల ఏర్పడినదే. ఏళ్ళ తరబడి ట్యాంకు గోడలకు అంటి ఉన్న పాత జిగురును ఇథనాల్ కరిగించి వదలగొడుతుంది కూడా. ఆ ముక్కలు నేరుగా వచ్చి చేరేది నీడిల్ వద్దకే.

మూడవది ఎండ. ఒక లీటరు పెట్రోలు 25 డిగ్రీలు వేడెక్కితే సుమారు 24 మిల్లీలీటర్లు పెరుగుతుంది. దానికి తోడు ఆవిరి పీడనం. ట్యాంకు మూతలో గాలి ఆడడానికి సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ముతో గడ్డిపొట్టుతో అది పూడుకుపోతే, లోపలి పీడనం పెట్రోలును నీడిల్ మీదుగా తోసేస్తుంది. ఉదయం కారని యంత్రం మధ్యాహ్నం ఎండలో కారుతుంటే మొదట అనుమానించవలసినది మూతనే. అంచు వరకు పెట్రోలు నింపడం కూడా ఇటువంటి పొరపాటే.

== ముందు జాగ్రత్తలు ==

పెట్రోలు సుమారు మైనస్ 40 డిగ్రీల వద్ద కూడా అంటుకోగలిగినంత ఆవిరిని ఇస్తుంది. గాలిలో ఆ ఆవిరి పరిమాణం 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగలగానే మండుతుంది. ఒక టీ చెంచా, అనగా 5 మిల్లీలీటర్ల పెట్రోలు పూర్తిగా ఆవిరైతే సుమారు 60 లీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. ఈ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోక నేలబారున పాకుతుంది. గుమ్మం దాటి పక్క గదిలోని గ్యాసు పొయ్యి వరకో, దేవుని ముందు వెలిగించిన దీపం వరకో పోయి అంటుకొని అదే దారిన వెనుకకు మంట రావచ్చు. అందుచేత కారుతున్న యంత్రాన్ని ఇంటిలోపల, వరండాలో, మెట్ల క్రింద ఉంచరాదు. పని ఆరుబయట, నీడలో, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత చేయాలి. స్పార్క్ ప్లగ్గు వైరు ఊడదీసి దూరంగా మడచి పెట్టాలి. ఇది మంట భయంతో మాత్రమే కాదు. బ్లేడు చేతితో తిప్పినా ఇంజను ఒక్కసారిగా అందుకొని వేళ్ళు తెగిన ప్రమాదాలు ఉన్నాయి.

ట్యాంకు ఖాళీ చేయడానికి గొట్టాన్ని నోటితో పీల్చడం చాలామందికి అలవాటు. పెట్రోలు కడుపులోకి పోవడం కంటె ఊపిరితిత్తులలోకి పోవడం ఎక్కువ హానికరం. కొద్ది మిల్లీలీటర్లు పోయినా తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. పొరపాటున మింగినవారిచేత వాంతి చేయించకూడదనడానికి కారణం కూడా ఇదే. గొట్టం కొస విప్పి డబ్బాలోకి వదిలితే పెట్రోలు తానుగా దిగుతుంది.

తీసిన పెట్రోలును నీళ్ళ సీసాలో పోసి ఉంచరాదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే అది గట్టిగా మూతపెట్టిన పాత్రలో ఉండాలి. గాజు లేదా పింగాణీ పాత్ర అయితే ఒక లీటరుకు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించరాదు. ప్లాస్టిక్కు సీసా ఆ జాబితాలో లేదు.

== ఎక్కడ కారుతున్నదో గుర్తించడం ==

పెట్రోలు ఒకచోట బయటపడి వేరొకచోట చుక్కగా రాలుతుంది. కనుక తడి ఉన్నచోటనే లోపం ఉన్నదని అనుకోకూడదు. యంత్రాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, అనుమానమున్న అతుకులపై ముగ్గుపిండి గాని సుద్దపొడి గాని పలుచగా చల్లి, కుళాయి తెరచి కొంతసేపు వేచి చూడాలి. పొడిలో అన్నిటికంటె పైన కనిపించే తడిగీతే అసలు మూలం. ఈ పొడి గాలి ఫిల్టరు వైపు పడకుండా చూసుకోవాలి.

కారే సమయాన్ని బట్టి కూడా చాలావరకు తెలుస్తుంది. కుళాయి మూసి ఉన్నా కారితే లోపం ట్యాంకులో గాని కుళాయిలో గాని ఉన్నట్లు. కుళాయి తెరిస్తేనే కారుతూ, కార్బురేటరు నోటి నుండి లేదా గాలి ఫిల్టరు గూటి నుండి వస్తుంటే నీడిల్, ఫ్లోట్‌లలో లోపం. గిన్నె చుట్టూ అంచు వెంబడి తడి కనిపిస్తే గాస్కెట్. గిన్నె అడుగు బోల్టు వద్ద అయితే దాని వాషరు. నడిచేటప్పుడు మాత్రమే కారితే అదురుకు వదులైన గొట్టం లేదా క్లిప్పు.

అసలు లోపమే లేకుండా కారే సందర్భం కూడా ఒకటి ఉన్నది. బ్లేడుకు అంటిన గడ్డిని తీయడానికి యంత్రాన్ని పక్కకు వాల్చినపుడు కార్బురేటరు, గాలి ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండాలి. అవి క్రిందికి వచ్చేలా వాలిస్తే పెట్రోలు, ఇంజను నూనె రెండూ ఫిల్టరులోకి పోతాయి. తరువాత ఎంతో పొగ, ఎంతో తడి. బాగున్న కార్బురేటర్లు విప్పబడేది ఎక్కువగా ఇటువంటి సమయాలలోనే.

== కార్బురేటరు బాగుచేయడం ==

విప్పకముందు చేయదగినది ఒకటున్నది. కుళాయి తెరచి, స్క్రూడ్రైవరు చెక్కపిడితో గిన్నెను రెండు మూడుసార్లు మెల్లగా తట్టాలి. అంటుకున్న నీడిల్ ఒక్కోసారి దీనితోనే విడిపోయి కారడం ఆగుతుంది. ఇది తాత్కాలికమే. జిగురు లోపల ఉన్నంతకాలం లోపం తిరిగి వస్తుంది.

విప్పేటప్పుడు కుళాయి మూసి, గొట్టం ఊడదీసి, క్రింద తెల్లని పళ్ళెం గాని గుడ్డ గాని పరచుకోవాలి. గిన్నె బోల్టు తీయగానే గిన్నె చేతిలోకి వస్తుంది. ఫ్లోట్‌ను పట్టి ఉంచే సన్నని పిన్నును పక్కకు లాగితే ఫ్లోట్, దానితోపాటు నీడిల్ వస్తాయి. నీడిల్ చాలా చిన్నది. గడ్డిలో పడితే దొరకదు.

ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకూడదు. వస్తే దానికి ఎక్కడో చిల్లు పడి లోపలికి పెట్రోలు చేరినట్లు. బరువెక్కిన ఫ్లోట్ తేలదు కనుక నీడిల్ మూసుకోదు. ఇత్తడి ఫ్లోట్ అయితే, మంటకు దూరంగా, వేడినీటిలో ముంచితే చిల్లు నుండి బుడగలు వస్తాయి. దానికి సోల్డరు పెట్టి అతికే పద్ధతి పాతకాలంలో ఉండేది. లోపల ఒక్క చుక్క పెట్రోలు మిగిలినా సోల్డరు వేడికి అది పేలుతుంది. పైగా సోల్డరు బరువు చేరి ఫ్లోట్ మట్టం తప్పుతుంది. ఫ్లోట్ మార్చడమే మేలు.

నీడిల్ కొనను భూతద్దంతో చూడాలి. కొత్తదానికి కొన నున్నగా ఉంటుంది. అరిగినదానికి పీఠం ఆనే చోట ఉంగరంలాగ గాడి కనిపిస్తుంది. కొనకు వైటాన్ అనే పెట్రోలును తట్టుకొనే రబ్బరు తొడుగు ఉన్నవే మంచివి. గాడి పడినదానిని ఎమెరీ కాగితంతో రుద్దితే పైకి నున్నగా కనిపించినా గుండ్రదనం పోయి మరింత కారుతుంది. పీఠాన్ని దూదిపుల్లతో, కార్బురేటరు శుభ్రపరిచే ద్రవంతో తుడవాలి. జెట్ల రంధ్రాలలో గుండుసూది దూర్చరాదు. ఇత్తడి మెత్తని లోహం, రంధ్రం పెద్దదైతే ఆ తరువాత పెట్రోలు ఎప్పుడూ ఎక్కువగానే పోతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగిపోగు అందుకు చాలు.

నీడిల్ సరిగా మూసుకుంటున్నదో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటున్నది. భాగాలన్నీ ఆరిన తరువాత ఫ్లోట్, నీడిల్ అమర్చి, పెట్రోలు వచ్చే ముక్కుకు శుభ్రమైన కొత్త గొట్టం తగిలించాలి. కార్బురేటరును తలక్రిందులుగా పట్టుకొని గొట్టంలోకి మెల్లగా ఊదాలి. అప్పుడు ఫ్లోట్ బరువు నీడిల్‌ను మూసి ఉంచుతుంది కనుక గాలి పోకూడదు. తిన్నగా పట్టుకొని ఊదితే గాలి స్వేచ్ఛగా పోవాలి. ఈ రెండూ సరిపోతే మళ్ళీ విప్పే పని ఉండదు.

గిన్నె గాస్కెట్ విషయంలో తొందరపడి చేసే పొరపాటు ఒకటి ఉన్నది. పెట్రోలులో నానిన రబ్బరు వలయం ఉబ్బి, తీసిన తరువాత తిరిగి గాడిలో కూర్చోదు. దానిని ఒక రాత్రి గాలికి ఆరనిస్తే చాలావరకు పూర్వపు కొలతకు వస్తుంది. పగుళ్ళు ఉంటే మాత్రం మార్చవలసిందే. గాస్కెట్‌కు బదులు సిలికాన్ పేస్టు పూయడం సరికాదు. అది పెట్రోలులో మెత్తబడి ముక్కలుగా ఊడి జెట్లను మూస్తుంది. ఇక బోల్టు బిగింపు. గిన్నె, కార్బురేటరు మెత్తని లోహాలు. కారడం ఆగలేదని స్పానరుతో మరింత బిగిస్తే మరలు జారిపోయి, పది రూపాయల వాషరుతో పోయే పని మొత్తం కార్బురేటరు మార్చేదాకా వస్తుంది.

ఈ పనికి ప్రత్యేక నిపుణులు అక్కరలేదు. ద్విచక్ర వాహనాల కార్బురేటరు తెలిసిన మెకానిక్కు ఎవరైనా చేయగలరు. అయితే 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి-6 ప్రమాణాలు అమలులోకి వచ్చి కొత్త ద్విచక్ర వాహనాలలో కార్బురేటరు స్థానాన్ని చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. అందువల్ల నీడిల్, ఫ్లోట్‌లతో చేయి తిరిగినవారు పాత తరం మెకానిక్కులలోనే ఎక్కువ. విడిభాగం కొనేటప్పుడు యంత్రం పేరు కాక, ఇంజనుపై ముద్రించిన నమూనా సంఖ్య చెప్పాలి.

== గొట్టం, కుళాయి, ట్యాంకు ==

గట్టిపడిన గొట్టాన్ని లాగి పీకితే ప్లాస్టిక్కు ముక్కు విరుగుతుంది. బ్లేడుతో నిలువుగా చీల్చి తీయాలి. కొత్తది పెట్రోలు కొరకే తయారైన రబ్బరు గొట్టం అయి ఉండాలి. ఆసుపత్రి సెలైన్ గొట్టం, తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం చవకగా దొరుకుతాయని వాడుతుంటారు. వాటిని మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోలు లాగేస్తుంది. కొద్ది నెలలలో అవి పుల్లవలె గట్టిపడి ముక్కు వద్ద జారిపోతాయి. ఇంజను సైలెన్సరుకు తగలకుండా గొట్టాన్ని మళ్ళించడం అన్నిటికంటె ముఖ్యం.

కుళాయి కాడ వద్ద కారితే లోపలి రబ్బరు వలయం అరిగినట్లు. చిన్న కుళాయిలను విప్పి బాగుచేయడం కంటె కొత్తది వేయడం తేలిక.

ట్యాంకు ఇనుపరేకుది అయితే తుప్పువల్ల అడుగున సూదిమొన చిల్లులు పడతాయి. దారిలో ఆగిపోయినప్పుడు లారీ డ్రైవర్లు బట్టల సబ్బు రుద్ది చిల్లు మూయడం కద్దు. సబ్బు పెట్రోలులో కరగదు కనుక కొంతసేపు ఆగుతుంది. దానిని మరమ్మతుగా భావించరాదు. ఎపాక్సీ ముద్ద పెట్టేముందు రేకును ఖాళీచేసి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తడిరేకుపై ఏ ముద్దా నిలవదు. ఖాళీ ట్యాంకును వెల్డింగుకు ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. అందులో ద్రవం లేకున్నా ఆవిరి, గాలి కలిసి పేలుడుకు సరిపడే పాళ్ళలో ఉంటాయి. ప్లాస్టిక్కు ట్యాంకు పగిలితే మార్చడమే.

== ఇంజను నూనెలో పెట్రోలు ==

పైకి కనిపించని కారుడు ఇది. నీడిల్ మూసుకోనప్పుడు, కుళాయి తెరచి ఉంచితే, పెట్రోలు నేలపై పడకుండా ఇన్‌టేక్ వాల్వు గుండా సిలిండరులోకి, అక్కడినుండి పిస్టన్ రింగుల సందులలోంచి క్రింది నూనె గదిలోకి దిగుతుంది. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. యజమాని పెట్రోలు ఖర్చు పెరిగిందనుకుంటాడు, అంతే.

నూనె పలుచబడి బేరింగులకు రక్షణ పోతుంది. ఒకటి రెండు గంటల నడకతోనే కనెక్టింగ్ రాడ్డు పట్టివేసి ఇంజను పనికిరాకుండా పోవచ్చు. నూనె కొలపుల్ల తీసి చూస్తే మట్టం ఉండవలసినదానికంటె ఎక్కువగా ఉండి, పెట్రోలు వాసన వస్తుంది. ఇటువంటి స్థితిలో ఒక్క నిమిషం కూడా ఇంజను నడపరాదు. ముందు కార్బురేటరు బాగుచేసి, ఆ తరువాతనే పాత నూనె మొత్తం తీసి కొత్తది పోయాలి. ఈ తరహా ఇంజన్లకు పట్టేది అరలీటరుకు కొంచెం పైన మాత్రమే. క్రమం తారుమారైతే కొత్త నూనె కూడా పాడవుతుంది. తాడు లాగితే ఇంజను రాయిలాగ బిగుసుకొని ఉంటే సిలిండరులో పెట్రోలు నిండినట్లు. బలవంతంగా లాగక ప్లగ్గు విప్పి, వైరును దూరంగా ఉంచి, మెల్లగా తిప్పి బయటికి వదలాలి.

== బ్రష్ కట్టర్లు ==

మామిడి తోటలలో వయ్యారిభామ, తుంగ వంటి కలుపును కోసే బ్రష్ కట్టర్లలో చాలావరకు టూ స్ట్రోక్ ఇంజన్లు. వీటిని ఏ వాలులోనైనా పట్టుకోవాలి కనుక ఫ్లోట్ ఉండదు. దాని బదులు పలుచని రబ్బరు పొర (డయాఫ్రం) ఉంటుంది. వీటిలో తరచుగా పగిలేవి ట్యాంకులోకి పోయే సన్నని గొట్టాలు, అవి దూరే రంధ్రం వద్ద రబ్బరు బిగుతు, వేలితో నొక్కే పారదర్శకమైన ప్రైమరు బల్బు. మోవరులో చుక్క నేలపై పడుతుంది. ఇక్కడ అది మోసేవాని నడుముపైన, పంచెపైన పడుతుంది, వేడి సైలెన్సరు జానెడు దూరంలో ఉంటుంది. అందుచేత బ్రష్ కట్టరు విషయంలో ఈ పూట కానిచ్చి రేపు చూద్దామనడానికి వీలులేదు.

== పాత యంత్రం కొనేటప్పుడు ==

అమ్మేవారు సాధారణంగా ట్యాంకులో గుక్కెడు పెట్రోలు పోసి, ఇంజను మోగించి చూపుతారు. మట్టం తక్కువగా ఉన్నప్పుడు పీడనం తక్కువ కనుక కారుడు బయటపడదు. ట్యాంకు ముప్పాతిక వంతు నింపి, కుళాయి తెరచి, ఇంజను ఆపి అరగంట ఉంచమని అడగాలి. క్రింద పాత వార్తాపత్రిక పరిస్తే చుక్క తెలుస్తుంది. నూనె కొలపుల్ల వాసన చూడాలి. గిన్నె అంచున కొత్తగా పూసిన సిలికాన్ కనిపిస్తే లోపం దాచబడినట్లే భావించి ధర మాట్లాడుకోవచ్చు. కారుతున్నదన్న ఒక్క కారణంతో మంచి యంత్రాన్ని వదులుకోనక్కరలేదు. బ్లేడు షాఫ్టు వంగినదైతే మాత్రం ఎంత చవకైనా తీసుకోరాదు.

== వేసవి నిలువ ==

చివరి కోత అయిన తరువాత కుళాయి మూసి, ఇంజను తానుగా ఆగిపోయేవరకు నడిపితే గిన్నెలోని పెట్రోలు చాలావరకు ఖర్చవుతుంది. అడుగున మిగిలిన కొంచెం గిన్నె స్క్రూ వదులుచేసి తీయాలి. ట్యాంకులోని పెట్రోలును మరొక బండికి వాడుకోవచ్చు. అయితే టూ స్ట్రోక్ నూనె కలిపినదానిని అలా వాడరాదు. కుళాయి లేని యంత్రాలలో ముందు ట్యాంకు ఖాళీచేసి ఆ తరువాత ఇంజను నడపాలి. తొలకరికి మొదటిసారి పెట్రోలు పోసినపుడు తాడు లాగకముందు పావుగంట ఆగి, యంత్రం క్రిందా, గాలి ఫిల్టరులోనూ తడి ఉన్నదేమో చూడాలి.